నా వైపు బ్రేకు

మార్చి 4, మంగళవారం

ఇవాళ ప్రాణాలతో ఇంటికి వచ్చానంటే అది నా కాలి గొప్పతనమే.

బ్యాంకు క్యాషియర్‌కి డ్రైవింగ్ పాఠం. నోట్లు లెక్కపెట్టినంత జాగ్రత్తగా నడుపుతాడు, అంటే నడపడు. మార్కెట్ వెనక సందులోంచి వాటర్ ట్యాంకర్ ఒకటి వెనక్కి వస్తోంది. హారన్ లేదు, దిగి చెయ్యి ఊపే మనిషి లేడు. అద్దంలో చూసుకున్న పాపాన పోలేదు. రోడ్డు వాడి తాత రాసిచ్చినట్టు వచ్చేస్తున్నాడు. మా క్యాషియర్ స్టీరింగ్ వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను నా వైపు బ్రేకు తొక్కాను. మా బానెట్‌కీ ఆ ట్యాంకర్ గొట్టానికీ మధ్య అరచెయ్యి పట్టేంత ఖాళీ మిగిలింది. దిగి ట్యాంకర్ వాణ్ణి దులిపేశాను. వాడు పళ్ళికిలించి, "తగల్లేదుగా సార్?" అన్నాడు. తగిలాకే మాట్లాడాలన్నమాట.

ఇలాంటివి ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పుకోవడం నాకు పెళ్ళైనప్పటి నుంచీ అలవాటు. బట్టలు మడతపెడుతూ వింటుంది. "అయ్యో", "వాడి మొహం మండ", "మీకేం కాలేదు కదా"... ఏది ఎక్కడ అనాలో సరిగ్గా అక్కడ అంటుంది. ఇవాళ ట్యాంకర్ దాకా వచ్చానో లేదో, "ఒక్క నిమిషం ఉండండి, ఈ బోర్డు గుర్తులు అప్పజెప్పుకుంటున్నా. రేపు చిన్నమాస్టారు అడుగుతారు" అంది. ఆ నిమిషం పడుకునేదాకా సాగింది.

అందుకే టైర్ల షాపు వాడు ఊరికే ఇచ్చిన ఈ డైరీ తీశాను. వినే మనిషి లేకపోతే కాగితానికే చెప్పుకోవాలి మరి.

మార్చి 5, బుధవారం

చిన్నమాస్టారట. అయితే నేనెవర్ని, ముసలిమాస్టార్నా?

మార్చి 7, శుక్రవారం

నాకేం కుళ్ళు లేదు. ఆ సంగతి ముందే రాసి పెట్టుకుంటున్నాను.

మా ఆవిడ నర్సు. వార్డులో రాత్రి డ్యూటీలు చేసి చేసి నడుం పట్టేసింది. లేవలేని రోగుల ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చే పని ఒకటి ఖాళీ అయింది, పగటి పని. ఆసుపత్రి వాళ్ళు కారిస్తారు, డ్రైవర్ని ఇవ్వరు. నెలాఖరుకి లైసెన్సు చూపిస్తే పని ఆవిడది, లేకపోతే వరసలో తర్వాతావిడది. అంతవరకూ నాకూ సంతోషమే. మొగుడు ఊరందరికీ డ్రైవింగ్ నేర్పే మనిషి, ఇంకేం కావాలి? ఫిబ్రవరిలో నాలుగు ఆదివారాలు నేనే నేర్పాను. నాలుగో ఆదివారం ఫ్లైఓవర్ కింద కారు ఆపి, తాళం చెవి తీసి నా ఒళ్ళో పడేసి, "నాకు మీరొద్దు" అంది. నడుచుకుంటూ ఇంటికొచ్చింది. నేను వెనకే కారులో మెల్లగా వచ్చాను.

కారణం ఏమిటయ్యా అంటే నేను బ్రేకు తొక్కుతున్నానట. తొక్కనా మరి? డ్రైవింగ్ స్కూలు కారులో నా వైపు ఇంకో బ్రేకు పెట్టిందే అందుకు.

మా ఓనరు కూడా ఆవిడ పక్షమే. "సొంతవాళ్ళకి డాక్టర్లే ఆపరేషన్లు చెయ్యరు మాస్టారూ, మీరెంత?" అని నవ్వి, ఆవిడ పేరు తీసుకెళ్ళి వెన్నముద్ద బ్యాచిలో వేశాడు. వెన్నముద్ద అంటే ఆవిడగారి చిన్నమాస్టారు, ఆరు నెలల కింద చేరిన కుర్రాడు. కుర్రాడేమిటి, ముప్పై దాటాయి. గొంతు పెంచడు. "పర్లేదండీ, మళ్ళీ చూద్దామండీ" అంటాడు. స్తంభాన్ని గుద్దినా పర్లేదండీయే. ఇస్త్రీ చొక్కా, పక్కన ఎప్పుడూ ఒక నీళ్ళ సీసా. వెన్నముద్ద అని పేరు పెట్టింది నేనే, స్కూలంతా పాకింది. మా ఆవిడ దగ్గర ఒకసారి నోరు జారి అన్నాను. "పాపం, ఎవరండీ అలా పిలిచేది?" అంది. ఏమో అన్నాను.

మార్చి 9, ఆదివారం

పొద్దున కాఫీ తాగుతూ, "ఆయన దగ్గర ఒక గొప్ప గుణం ఉందండీ" అని మొదలుపెట్టింది.

"ఏమిటో?"

"కాళ్ళు వెనక్కి లాక్కుని కూర్చుంటారు. సీటు కిందికి. తన వైపు బ్రేకు ఉన్నట్టే గుర్తుండదు ఆయనకి."

"ఆయన కాళ్ళు ఎక్కడున్నాయో నీకెందుకు? రోడ్డు చూడవా?"

మా అమ్మాయి కాఫీ పొలమారేలా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "మీ కాలు బ్రేకు మీద ఉన్నంతసేపూ నడిపేది మీరే. నేను స్టీరింగ్ పట్టుకున్న బొమ్మని" అంది. ఎంతమంది ప్రాణాలు కాపాడిన కాలు ఇది! దాన్ని పట్టుకుని ఇలా మాట్లాడితే ఎలా ఉంటుంది? ఒళ్ళు మండి, కప్పు అక్కడే పెట్టేసి బయటికి పోయాను. ఎక్కడికీ పోవాల్సిన పని లేదు, సందు చివరి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

ఇంకో సంగతి. ఆవిణ్ణి "వదినగారూ" అంటాడట. ఎవడికి వదిన? నేను వాడికి అన్నయ్యనని ఎప్పుడు ఒప్పుకున్నాను?

మార్చి 11, మంగళవారం

నిన్నటిదాకా రోడ్డు మీద గండాలు తప్పించుకుని ఇంటికొచ్చి చెప్పేది నేను. ఇప్పుడు ఆవిడ చెబుతోంది. నేను బట్టలు మడతపెడుతున్నాను.

ఇవాళ్టిది ఇదీ. సినిమా హాలు మలుపులో మోటార్ సైకిల్ వాడొకడు, ముగ్గుర్ని ఎక్కించుకుని, ఎదురుదారిలో సర్రున వచ్చాడట. చెవిలో ఫోనూ, మెడ వంకరా. "నేనే బ్రేకు తొక్కానండీ! నేనే!" అని చిన్నపిల్లలా చేతులు చాపి చూపిస్తోంది. "ఆయన కదల్లేదు. నేను ఆపుతానని ఆయనకి తెలుసట."

"ఆపకపోయుంటే?"

"ఆపాను కదా."

తర్వాత పాఠం కూడా అప్పజెప్పింది. పిచ్చిగా నడిపేవాడితో పంతానికి పోకూడదట. వాడి కళ్ళలోకి చూడకూడదట. వెనకనుంచి మీదమీదకి వస్తే స్పీడు పెంచకూడదట, మెల్లగా పక్కకి తప్పుకుని దారిచ్చేయాలట. "దారివ్వడం ఓడిపోవడం కాదు వదినగారూ, వాడి గొడవ వాడితో పంపించేయడం అన్నారు. ఎంత బాగా చెప్పారో!"

ఇదే మాట నేను ఊళ్ళో సగం మందికి చెప్పాను. ఆవిడకీ చెప్పాను, ఫిబ్రవరిలో. ఆ మాటంటే, "మీరు చెప్పలేదు, అరిచారు" అంది.

మార్చి 12, బుధవారం

మూడు పాఠాలు. గండాలేమీ లేవు. చెప్పడానికేమీ లేదు. అడిగినవాళ్ళూ లేరు.

మార్చి 13, గురువారం

మెకానిక్ షెడ్డుకి తెల్ల కారు ఒకటి వచ్చింది, అద్దాలకి నల్ల కాగితం అంటించింది. బ్రేకులు చూసి పెట్టమని మెకానిక్ అడుగుతుంటాడు నన్ను, నా కాలి మీద అంత నమ్మకం. చూడాలంటే కాస్త పొడుగు రోడ్డు కావాలి కదా. గోదాముల రోడ్డు పొడుగ్గా, ఖాళీగా ఉంటుంది. అటు వెళ్ళాను. మా స్కూలు కారు కూడా అటే వచ్చింది. వస్తుంది మరి, అందరం నేర్పేది అక్కడే.

దూరంగానే ఉన్నాను. వెనక అద్దంలోంచి రెండు తలలు కనబడ్డాయి. ఆ రెండో తల మాటిమాటికీ ఆవిడ వైపు తిరుగుతోంది. అంత చెప్పాల్సినదేముందో!

బ్రేకులు ఇంకోసారి చూడాలి.

మార్చి 15, శనివారం

చూశాను. ఇంకా సరిగ్గా పట్టడం లేదు.

గోదాముల నీడలో కారు ఆపి, వాడు సీసా మూత తీసి ఇచ్చాడు. ఆవిడ తాగింది. ఆ సీసానే వాడూ తాగాడు. మూతి తగలకుండా ఎత్తి పోసుకున్నాడనుకో. అయినా.

ఇంటికొచ్చాక అడిగాను, పాఠం మధ్యలో దాహం వేస్తే ఏం చేస్తావు అని. "నేను సీసా తీసుకెళ్తా కదా" అంది. అబద్ధం! లేదా, ఆ సీసా ఆవిడదే కావచ్చు. నీలం రంగు మూత. వంటింట్లోకి వెళ్ళి చూశాను. నీలం రంగు మూత సీసా బోర్లించి ఉంది. అంటే మన సీసాలో నీళ్ళు వాడు తాగుతున్నాడు.

నాకేం కుళ్ళు లేదు.

మార్చి 17, సోమవారం

తెల్ల కారు తాళాలు మెకానిక్‌కి ఇచ్చేశాను. బ్రేకులు బాగున్నాయి. బాగా పట్టాయి. ఇక ఆ బండితో నాకు పని లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. చెప్పులు కూడా విప్పలేదు. మా అమ్మాయి పక్కన కూర్చుని వీపు రాస్తోంది. నీళ్ళిచ్చాను. గ్లాసు పళ్ళకి తగిలి టకటక చప్పుడు చేసింది.

చెప్పింది. గోదాముల రోడ్డులో వెళ్తుంటే తెల్ల కారు ఒకటి వెనక అంటుకుందట. హారన్ మీద హారన్. పట్టపగలు పెద్దలైట్లు వేసి ఆర్పడం. చెప్పినట్టే మెల్లగా పక్కకి తప్పుకుంటే వాడూ పక్కకి వచ్చాడట, దారిస్తే పోడట. ఇంతలో కల్వర్టు వచ్చింది. కల్వర్టు పక్కన స్కూలు పిల్ల ఒకతి సైకిల్ మీద వెళ్తోంది. ఆ పిల్లని తప్పించబోయి కారు రోడ్డు దిగింది. కల్వర్టు గోడకి వెంట్రుకవాసిలో ఆగింది. సైకిల్ పడిపోయింది. పిల్లకి ఏమీ కాలేదు, మోకాలు కొట్టుకుపోయింది అంతే. ఆవిడే దిగి తుడిచి కట్టు కట్టిందట. నర్సు కదా.

"ఆయనేం చేశాడు, నీ చిన్నమాస్టారు?" అన్నాను.

"ఆయన బ్రేకు తొక్కబోయేలోపే నేను తొక్కేశాను."

"ఆ కారు వాడు ఎటు పోయాడు?"

"మమ్మల్ని దాటి ముందుకెళ్ళి, ఎడమ పక్క సందులోకి తిరిగాడు." అని ఆగింది. గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "వాడు మనిషేనంటారా?"

"కాదు" అన్నాను.

ఇంక రాయలేను.

మార్చి 18, మంగళవారం

టెస్టుకి వెళ్ళనంది. ఆ పని వద్దట, వార్డే బాగుందట. రాత్రి డ్యూటీ వేయించుకుంటానంది.

దాచడానికి ఇక్కడెవరున్నారు, రాస్తాను. ఆ మాట వినగానే హమ్మయ్య అనిపించింది. ఇక చిన్నమాస్టారు లేడు, సీసా లేదు, కాళ్ళు లేవు. ఆవిడ మళ్ళీ బట్టలు మడతపెడుతుంది, నేను చెబుతాను. అలా ఎంతసేపు అనిపించిందో తెలీదు గానీ, అనిపించింది. తర్వాత ఆవిడ నడుం పట్టుకుని మెల్లగా లేచి దీపం వేయడానికి వెళ్ళింది. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

మార్చి 19, బుధవారం

వెన్నముద్ద నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అన్నగారూ, వదినగారు రెండ్రోజులుగా రావట్లేదు. మీరొక్కమాట చెప్పాలి."

"నా మాట వింటుందా? నీ మాటలంటేనే చెవి కోసుకుంటుంది."

వాడు నిజంగా ఆశ్చర్యపోయాడు. "నా మాటలా? పాఠం మొత్తం మీ మాటలేనండీ. మలుపు రాకముందే వదినగారు ఇండికేటర్ వేస్తారు. ఎవరు నేర్పారండీ అని మొదటిరోజే అడిగాను. మా ఇంట్లో ఉప్పు డబ్బా అందుకోవడానికి కూడా ఇండికేటర్ వేసే మనిషి ఒకాయన ఉన్నాడులెండి అన్నారు. ఎంత నవ్వుకున్నామో! సోమవారం కూడా ఆ మాటే తల్చుకుని నవ్వుతున్నారు, ఆ తెల్ల కారు వాడు వచ్చి మీద పడేదాకా."

సోమవారం ఆవిడ తల వెనక్కి వేసి నవ్వడం... అలా నవ్విందని నేను ఇక్కడ రాయలేదు కదా. రాయలేదు.

"ఆ వెధవ దొరికితేనా" అన్నాడు వెన్నముద్ద. మొట్టమొదటిసారి వాడి గొంతు లేవడం విన్నాను. నేను లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళాను.

వాడు మంచివాడు. ఇది రాయడానికి ఎంత కష్టంగా ఉందో నాకే తెలుసు. మంచివాడు కాకపోయుంటే బాగుండేది.

మార్చి 20, గురువారం

స్కూల్లో నా శిష్యులకి నేర్పే మొదటి పాఠం ఇండికేటర్. రోడ్డు ఖాళీగా ఉన్నా వెయ్యాలి, మైదానంలో తిరుగుతున్నా వెయ్యాలి, వెనక ఎవరూ లేకపోయినా వెయ్యాలి. చూసేవాళ్ళున్నప్పుడే వేస్తే అది అలవాటు కాదు, నటన అంటాను. క్యాషియర్ ఇవాళ వెయ్యకుండా తిప్పాడు. అరవబోయి ఊరుకున్నాను.

కల్వర్టు దగ్గర ఆపమన్నాను. రోడ్డు దిగిన చోట టైరు గుర్తు ఇంకా ఉంది. "ఏంటి సార్ చూస్తున్నారు?" అన్నాడు. ఏమీ లేదు, పోనీ అన్నాను.

మార్చి 21, శుక్రవారం

పొద్దున ఆవిడ జడ వేసుకుంటుంటే వెనక నిలబడి, "టెస్టుకి వెళ్ళు" అన్నాను.

"ఎందుకు? మీకు ఇష్టం లేదుగా."

"ఎవరన్నారు ఇష్టం లేదని?"

"మీ మొహం అంది." జడ ఆపి అద్దంలోంచి చూసింది. "మళ్ళీ ఆ తెల్ల కారు వస్తే?"

"రాదు."

"మీకెలా తెలుసు?"

అద్దంలో ఆవిడ మొహం పక్కన నా మొహం కనబడుతోంది. అక్కణ్ణుంచి చూపు తిప్పుకుని, "ఊళ్ళో అందరూ అలాంటివాళ్ళే ఉండరు కదా" అన్నాను.

జడ మొత్తం అల్లి, కొస ముడి వేసి, "సరే. మీరు రాదంటే రాదనే వెళ్తాను" అంది.

అమ్మాయి గుమ్మంలోంచి, "నాన్నా, ఆ మాటేదో ముందే చెప్పుంటే నాలుగు రోజులు అమ్మ ఏడుపు తప్పేది కదా!" అంది. ఏడ్చిందని నాకు తెలీదు.

మార్చి 24, సోమవారం

ఇవాళ మళ్ళీ పాఠానికి వెళ్ళింది. ఒక్క తెల్ల కారూ కనపడలేదట. తనే చెప్పింది, అన్నం వడ్డిస్తూ.

మార్చి 26, బుధవారం

ఇవాళ ఒక లారీ వాడు అడ్డంగా తిప్పాడట. సిగ్నల్ దగ్గర కుర్రాళ్ళు కారు పక్కన చేరి, "ఆంటీ, వంటింట్లో కుక్కరు కూత వేస్తోంది, వెళ్ళండి" అని వెక్కిరించారట. "ఏం చేశావు?" అన్నాను. "అద్దం దించి, మీ అమ్మని కుక్కర్ కట్టేసి లైసెన్సు తీసుకోమను నాన్నా అన్నాను" అంది. నేను పడీపడీ నవ్వాను. ఎన్ని రోజులైందో నేను నవ్వి! మధ్యలో, "చిన్నమాస్టారు కూడా ఇలాగే నవ్వారు" అంది. నా నవ్వు అక్కడికక్కడే చచ్చిపోయింది. ఇలాంటి మనిషినేమిటి నేను? అనిపిస్తే అనిపించింది, మొహంలో కనపడనివ్వలేదు. అదే గొప్ప.

మార్చి 28, శుక్రవారం

పాసైంది.

వెనక్కి పార్క్ చేయడం ఒక్కసారికే వచ్చిందట. ముందు తెలిసింది వెన్నముద్దకి, ఎందుకంటే అక్కడే ఉన్నాడు. తర్వాత ఓనరుకి, ఎందుకంటే వెన్నముద్ద ఫోన్ చేశాడు. ఓనరు చెబితే నాకు తెలిసింది. స్కూలంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. ఫోన్ తీసి చూసుకుంటే ఆవిడ నుంచి ఏమీ లేదు.

ఫోన్ జేబులో పెట్టి, పాఠానికి పోయాను.

ఇంటికి వెళ్తే గుమ్మంలోనే నిలబడి ఉంది. "మీకు ఫోన్‌లో చెప్పకూడదనుకున్నాను. ఎదురుగా చెప్పాలని" అంది. నాకు ముందే తెలుసని చెప్పలేదు. నోరు తెరిచి, "అబ్బో! నిజమా?" అన్నాను. నటన నాకు రాదు, ఆవిడకి తెలిసిపోయే ఉంటుంది.

మార్చి 30, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం మన పాత కారు తీసి, "ఎక్కండి, తిప్పుతాను" అంది. పక్క సీట్లో కూర్చున్నాను. ఏళ్ళ తరబడి పక్క సీట్లోనే కూర్చున్నవాణ్ణి, కానీ నా వైపు ఏమీ లేని కారులో ఆవిడ పక్కన కూర్చోవడం ఇదే మొదటిసారి. కాలికింద ఉత్త చాప ఉంది.

బాగా నడుపుతోంది. నాకంటే మెత్తగా. ఆ మెత్తదనం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు, అయినా బాగుంది.

తిన్నగా గోదాముల రోడ్డుకే తీసుకెళ్ళింది. సగం దారిలో వెనక నల్ల జీపు ఒకటి అంటుకుంది. హారన్, లైట్లు. నేను సీట్లో వెనక్కి తిరిగి, "ఒరేయ్, కళ్ళు నెత్తికెక్కాయా!" అని అరిచాను. నా కాలు చాపని నొక్కుతోంది. నొక్కితే ఏమీ జరగదు, అయినా పిక్క పట్టేసేలా నొక్కుతున్నాను. ఆవిడ జీపు వంక చూడలేదు. స్పీడు పెంచలేదు. ఇండికేటర్ వేసి, మెల్లగా పక్కకి తీసి, కల్వర్టుకి కాస్త ముందు ఆపింది. జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

"పోనీండి. వాడికేం బాధో" అంది.

ఇంజను ఆపేసింది. స్టీరింగ్ మీద రెండు చేతులూ అలాగే ఉన్నాయి.

"ఆ రోజు తెల్ల కారు ఇక్కడే మమ్మల్ని దాటింది. అదిగో, ఆ సందులోకి తిరిగింది. తిరిగేముందు ఇండికేటర్ వేశాడు."

నేను ఆ సందు వైపే చూస్తూ కూర్చున్నాను.

"నన్ను చంపబోయినంత పని చేసినవాడు, వెనక పురుగు కూడా లేని ఖాళీ సందులోకి తిరుగుతూ, పద్ధతిగా ఇండికేటర్ వేశాడు. ఈ ఊళ్ళో అలా వేసేది ఒక్కడేనండీ. నా కాళ్ళు వణికింది అప్పుడు. అంతకుముందు కాదు."

క్షమించమని అనాలి. సీటు బెల్టు విప్పి మళ్ళీ పెట్టుకున్నాను.

"ఇంటికొచ్చి మొత్తం చెప్పింది ఎందుకనుకున్నారు? మీరు చెప్తారేమోనని. వాడు మనిషేనా అని అడిగాను. కాదు అన్నారు. అప్పటికి అదైనా అన్నారు, లేకపోతే ఆ పూటే అమ్మాయిని తీసుకుని వెళ్ళిపోయేదాన్ని."

"ఆయనకి..." అన్నాను.

"ఎవరికీ చెప్పలేదు. చిన్నమాస్టారికీ చెప్పలేదు. చెప్పుకునేంత పరువైన విషయమా?" నా వైపు తిరిగింది. "మీకు కుళ్ళు వచ్చింది, నా మీద అరవండి, అలగండి, అన్నం మానేయండి. నేను పడతాను. ఆ సైకిల్ పిల్ల ఏం చేసిందండీ? దాని మోకాలు తుడుస్తుంటే, థాంక్యూ ఆంటీ అంది నాతో. మీరు చేసినదానికి నాకు థాంక్యూ చెప్పింది!"

ఏడ్చాను. నిజంగానే, పెద్దగా. వాడితో నవ్వావంటే తట్టుకోలేకపోయానని, నువ్వు నా మాటలు వినడం మానేశావని, నా దగ్గర రానిది వాడి దగ్గర ఎలా వచ్చిందని, ఏవేవో అన్నాను. ఒక్కటీ సరైన కారణం కాదు. అంటుంటేనే తెలుస్తోంది కాదని. చివరికి, "నేనే. నేనే చేశాను" అన్నాను. ఆవిడ జాలి చూపించలేదు. ఓదార్చలేదు. కొంగుతో తన కళ్ళు తుడుచుకుంది, నావి తుడవలేదు.

"ఎల్లుండి నుంచి నేను పనికి వెళ్తాను. ఒక్కదాన్నే. నా వెనక ఎవరూ రాకూడదు. వచ్చినట్టు ఒక్కసారి అనిపించినా, ఆ రోజు ఇంటికి రాను. అర్థమైందా?"

"రాను" అన్నాను. "వెనక రాను."

"రేపు ఆ పిల్ల ఇల్లు కనుక్కుని వెళ్ళండి. సైకిల్ చక్రం వంకరపోయింది. మీరే బాగుచేయించండి. ఎందుకు బాగుచేయిస్తున్నారో వాళ్ళ నాన్నకి మీ నోటితో చెప్పండి."

కారు స్టార్ట్ చేసింది. ఇంటి దారి పట్టింది. చాప మీద నా కాలు మాత్రం తొక్కుతూనే ఉంది. ఒక మలుపు దగ్గర ఆవిడ దాన్ని చూసి, "అక్కడేం లేదు, తీసేయండి" అంది. సీటు కిందికి లాక్కున్నాను.

మార్చి 31, సోమవారం

వెళ్ళాను. వాళ్ళ నాన్న తాపీ మేస్త్రి. చెప్పాను. చెంప పగలగొట్టాడు. మంచి పని చేశాడు. తర్వాత కుర్చీ వేసి కూర్చోమన్నాడు, నేనే కూర్చోలేకపోయాను. చక్రం బాగుచేయించి, గొలుసుకి నూనె వేయించి తెచ్చి ఇచ్చాను. పిల్ల ఒకసారి తొక్కి చూసుకుంది.

బుగ్గ మీద వేళ్ళ గుర్తులు మా ఆవిడ చూసింది. సీసాలో నీళ్ళు నింపి మూత బిగించుకుంటోంది. రేపటికి.

ఏప్రిల్ 1, మంగళవారం

ఆసుపత్రి కారు ఇంటి ముందుకే తెచ్చుకుంది. మందుల పెట్టె వెనక సీట్లో పెట్టి, బెల్టు పెట్టుకుని, అద్దం సరిచేసుకుంది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. జాగ్రత్త అనబోయి మానేశాను. ఆవిడే అద్దం దించి, "సాయంత్రం వచ్చి అన్నీ చెబుతాను. బట్టలు మీరు మడతపెట్టాలి" అంది.

వెన్నముద్దకి కూడా ఫోన్ చేసి చెబుతుందా అని అడగాలనిపించింది. నాలుక కొస దాకా వచ్చింది. మింగేశాను.

కారు కదిలింది. కుడికాలు గేటు దగ్గర మట్టిని నొక్కుతోందని చూసుకుని, ఎత్తి పక్కన పెట్టాను. సందు ఖాళీగా ఉంది. చివర మలుపు దగ్గర ఆవిడ మెల్లగా ఆగి, తిరిగేముందు ఇండికేటర్ వేసింది. వెనక, గేటు దగ్గర నిలబడ్డ నేను తప్ప ఇంకెవరూ లేరు. అయినా వేసింది.